వృషణం మెలిపడితే: చేయవలసినవి – చేయకూడనివి

12 నుంచి 18 ఏళ్ల మధ్య అబ్బాయి ఉన్న ప్రతి ఇంటికీ, అలాంటి అబ్బాయిలు ఉండే ప్రతి హాస్టల్‌కూ ఈ సూచనలు. ఈ ముప్పు ఏ వయసులోనైనా రావచ్చు. ఎక్కువగా వచ్చేది మాత్రం ఈ వయసులోనే. ఆ తర్వాత అప్పుడే పుట్టిన మగబిడ్డల్లో.

వృషణానికి రక్తం తెచ్చే నాళాలు, తిరిగి తీసుకుపోయే నాళాలు, వీర్యనాళం అన్నీ ఒకే కట్టగా గజ్జల్లోంచి కిందికి దిగుతాయి. వృషణం తన చుట్టూ తాను తిరిగితే ఆ కట్ట మెలిపడుతుంది. ముందు రక్తం బయటికి పోయే దారి మూసుకుని వృషణం ఉబ్బుతుంది, తర్వాత రక్తం లోపలికి వచ్చే దారీ మూసుకుంటుంది. 6 గంటల్లోపు మెలిక విప్పితే దాదాపు ప్రతి 10 మందిలో 9 మందికి వృషణం దక్కుతుంది. 12 గంటలకు ఆ అవకాశం సగానికి పడిపోతుంది. 24 గంటలు దాటాక దక్కేది బహు కొద్దిమందికే. ఈ గంటలు నొప్పి మొదలైనప్పటి నుంచి లెక్క, ఆసుపత్రి గుమ్మం తొక్కినప్పటి నుంచి కాదు.

మూలకారణం చాలామందిలో పుట్టుకతోనే ఉంటుంది. మామూలుగా వృషణం వెనకవైపు తిత్తి గోడకు అతుక్కుని ఉంటుంది. కొందరిలో ఆ అతుకు ఉండదు. గుడిగంటలో నాలుకలా వేలాడుతుంటుంది. తరచు రెండు వైపులా ఇదే పరిస్థితి. ఈడు వచ్చే వయసులో వృషణం వేగంగా పెరిగి బరువెక్కుతుంది, తిరగడం తేలికవుతుంది. ఆటలో కుదుపు, దెబ్బ, ఉన్నట్టుండి తగిలిన చలి నెపం కావచ్చు. ఏ నెపమూ లేకుండా నిద్రలోనూ మెలిపడుతుంది.

చేయవలసినవి

నొప్పి మొదలవగానే

• టైము చూసి రాసుకోండి. డాక్టరు మొదట అడిగేది అదే.

• ఒకవైపు వృషణంలో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి వస్తే, కాదని డాక్టరు తేల్చేదాకా మెలికే అనుకోండి.

• నొప్పితోపాటు వాంతి, వికారం ఉంటే ఇంకా తొందరపడండి.

• పొత్తికడుపులో నొప్పి అంటున్న అబ్బాయిని ‘కింద కూడా నొప్పిగా ఉందా?’ అని సూటిగా అడగండి; కొందరు సిగ్గుపడి కడుపు పేరు చెబుతారు, కొందరికి నొప్పి నిజంగానే కడుపులో తెలుస్తుంది.

• అమ్మలు కూడా ఈ ప్రశ్న అడగండి; నాన్న డ్యూటీ నుంచి వచ్చేదాకా ఆగే విషయం కాదు.

• అబ్బాయి ఒప్పుకుంటే నాన్నో, అన్నో, మామయ్యో ఒకసారి చూడండి: ఒక వృషణం రెండోదానికన్నా పైకి లాగేసినట్టు ఉందా, అడ్డంగా తిరిగిందా, రాయిలా గట్టిపడిందా, తిత్తి ఎర్రబడి వాచిందా గమనించండి.

• ఇవేవీ కనిపించకపోయినా బయల్దేరండి. మొదటి గంటల్లో వాపు, ఎరుపు ఉండకపోవచ్చు.

• అర్ధరాత్రి నొప్పితో మెలకువ వస్తే ఇంట్లోవాళ్లను లేపండి. అబ్బాయిలూ, ఇది మీకే.

• మాటలు రాని పిల్లాడు ఏడుపు ఆపకుండా వాంతి చేసుకుంటుంటే లాగు విప్పి చూడండి.

• అప్పుడే పుట్టిన బాబుకు తిత్తి ఒకవైపు గట్టిగా, ఎర్రగా లేదా నల్లగా కనిపిస్తే వెంటనే డాక్టరును పిలవండి. బాబు ఏడవకపోయినా పిలవండి.

• ఇంతకుముందు ఇలాంటి నొప్పి వచ్చి తనంతట తానే తగ్గి ఉంటే ఆ మాట తప్పకుండా చెప్పండి. మెలిక పడి విడిపోవడం కొందరిలో పలుమార్లు జరుగుతుంది.

బయల్దేరేటప్పుడు

• ఆపరేషన్ చేయగల ఆసుపత్రికే నేరుగా వెళ్లండి. సర్జన్, మత్తు డాక్టరు ఇద్దరూ అందుబాటులో ఉండాలి.

• ఎవరో ఒకరు దారిలోనే ఆసుపత్రికి ఫోన్ చేసి, ‘ఈ రాత్రి అత్యవసర ఆపరేషన్ చేస్తారా?’ అని అడగండి.

• యూరాలజిస్టు లేకపోతే జనరల్ సర్జన్ దగ్గరికే వెళ్లండి. ఈ ఆపరేషన్ ఆయనకూ తెలిసిందే.

• బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి.

• తల్లిగానీ తండ్రిగానీ వెంట వెళ్లండి. 18 నిండని అబ్బాయి ఆపరేషన్‌కు పెద్దల సంతకం కావాలి.

• చివరిసారి ఏం తిన్నాడో, ఎన్నింటికి తిన్నాడో గుర్తుపెట్టుకోండి. మత్తు డాక్టరుకు ఆ లెక్క కావాలి.

• మందులు పడకపోవడం, ఆస్తమా, ఫిట్స్ వంటివి ఉంటే అడగకముందే చెప్పండి.

• ఆధార్, ఆరోగ్య బీమా కార్డు చేతికందితే తీసుకోండి, అందకపోతే ఇంట్లోవాళ్లను ఫొటో తీసి పంపమనండి.

హాస్టళ్లలో

గురుకులాల్లో, జూనియర్ కాలేజీల హాస్టళ్లలో ఈ వయసు అబ్బాయిలు ఇంటికి దూరంగా ఉంటారు. రాత్రి రెండింటికి నొప్పి వచ్చిన పిల్లాడు వార్డెన్ తలుపు కొట్టడానికి జంకుతాడు. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని దుప్పటి కప్పుకుంటాడు, స్టడీ అవర్ గంట కొట్టేదాకా అలాగే పడుంటాడు. అక్కడికే నాలుగు గంటలు పోతాయి. కాబట్టి వార్డెన్లు, ప్రిన్సిపాళ్లు మిగతావారికన్నా జాగ్రత్తగా వినాలి.

• విద్యాసంవత్సరం మొదట్లోనే అబ్బాయిలందరినీ కూర్చోబెట్టి, ‘అక్కడ నొప్పి వస్తే ఎన్నింటికైనా లేపండి, ఎవరూ తిట్టరు’ అని చెప్పండి.

• రాత్రిపూట గేటు తీయించే అధికారం ఎవరిదో ముందే తేల్చి, ఆ ఫోన్ నంబరు ప్రతి అంతస్తులో గోడకు అంటించండి.

• ముందు అబ్బాయిని బండెక్కించండి, తర్వాత ఔట్‌పాస్ రాయండి.

• తల్లిదండ్రులకు దారిలోంచే ఫోన్ చేయండి. ఏమైందో సూటిగా చెప్పండి, ‘కొంచెం ఒంట్లో బాగాలేదు’ అని నాన్చితే వాళ్లు తెల్లవారుజాము బస్సుకు బయల్దేరతారు.

• వాళ్లు వేరే జిల్లాలోనో, గల్ఫ్‌లోనో ఉంటే డాక్టరుతోనే ఫోన్‌లో మాట్లాడించండి. ఎలా ముందుకెళ్లాలో ఆసుపత్రివాళ్లే చెబుతారు.

• గదిలో ఉండే స్నేహితులూ, వాడు చెప్పొద్దన్నా వెళ్లి చెప్పండి.

• పీఈటీ మాస్టార్లు, బంతి తగిలిన నొప్పి గంటకు కూడా తగ్గకపోతే అబ్బాయిని ఆసుపత్రికి పంపండి.

ఆసుపత్రిలో

• క్యాజువాలిటీలో అడుగుపెట్టగానే ‘వృషణం మెలిపడిందేమోనని తీసుకొచ్చాం, నొప్పి ఇన్ని గంటలకు మొదలైంది’ అని ఒక్క ముక్కలో చెప్పండి. ‘కడుపు నొప్పి’ అంటే వరసలో కూర్చోబెడతారు.

• డాక్టరు తొడ లోపలివైపు మెల్లగా గీస్తే కదలకుండా ఉండమని అబ్బాయికి చెప్పండి; మామూలుగా ఆ వైపు వృషణం చటుక్కున పైకి కదులుతుంది, మెలిపడితే సాధారణంగా కదలదు.

• డాప్లర్ స్కానింగ్ వెంటనే దొరికితే చేయించండి. వృషణానికి రక్తం అందుతోందో లేదో అందులో తెలుస్తుంది.

• చేత్తో పరీక్షించాకే అనుమానం గట్టిగా ఉందని సర్జన్ చెబితే, స్కానింగ్ లేకుండానే ఆపరేషన్‌కు ఒప్పుకోండి.

• తెరిచి చూశాక మెలిక లేదని తేలవచ్చు, దానికి సిద్ధపడండి. అనవసరంగా పడిన కోత మానిపోతుంది, చచ్చుబడిన వృషణం తిరిగి రాదు.

• అంగీకారపత్రం చదివించుకుని సంతకం చేయండి. రెండోవైపు కూడా కుట్లు వేయడం, వృషణం చచ్చుబడి ఉంటే తీసేయడం అందులో ఉంటాయి, రెంటికీ ఒప్పుకోండి.

• ఆపరేషన్ ఏమిటో తెలుసుకుని అబ్బాయికి చెప్పండి, భయం సగం తగ్గుతుంది. మత్తు ఇచ్చి తిత్తి మీద చిన్న కోత పెట్టి మెలిక విప్పుతారు. గోరువెచ్చని సెలైన్‌లో తడిపిన గుడ్డలో వృషణాన్ని చుట్టి కొన్ని నిమిషాలు ఆగుతారు. నీలంగా, నల్లగా ఉన్నది రంగు తిరిగితే మళ్లీ మెలిపడకుండా తిత్తి గోడకు కుట్టేస్తారు. రంగు తిరగకపోతే తీసేస్తారు.

• రెండోవైపు కూడా కుట్టారా అని అడిగి తెలుసుకోండి. ఆ వైపు కూడా అతుకు లేకపోయే అవకాశం ఎక్కువ.

• డాక్టరు చేత్తోనే మెలిక విప్పి నొప్పి తగ్గించినా ఆపరేషన్ చేయించుకోండి; లోపల కొంత మెలిక మిగిలి ఉండవచ్చు, విడినది మళ్లీ పడవచ్చు.

ఆపరేషన్ తర్వాత, ముందుజాగ్రత్తగా

• డాక్టరు చెప్పినన్ని వారాలు ఆటలు, సైకిల్, బరువులు మానిపించండి.

• తిత్తికి ఆసరా ఇచ్చే లోదుస్తులు వేయించండి.

• జ్వరం, చీము, పెరుగుతున్న వాపు ఉంటే తిరిగి తీసుకెళ్లండి.

• కొన్ని నెలలకు మళ్లీ చూపించండి. దక్కిందనుకున్న వృషణం కూడా ఒక్కోసారి కుంచించుకుపోతుంది.

• ఒక్కటే మిగిలిన అబ్బాయి క్రికెట్, కబడ్డీ ఆడేటప్పుడు గార్డ్ పెట్టుకునేలా చూడండి.

• వచ్చి పోయే నొప్పి ఉన్న అబ్బాయిని నొప్పి లేని రోజునే సర్జన్‌కు చూపించండి. ముందే కుట్టించుకుంటే అర్ధరాత్రి పరుగు ఉండదు.

• బాబుకు రెండు వృషణాలూ తిత్తిలోకి దిగాయో లేదో నెలల వయసులోనే చూపించండి. దిగని వృషణానికి మెలిక ముప్పు ఎక్కువ, అక్కడ నొప్పి గజ్జల్లోనో పొత్తికడుపులోనో వస్తుంది.

• అన్నకో, నాన్నకో ఇది జరిగి ఉంటే తమ్ముళ్లకు, కొడుకులకు చెప్పి ఉంచండి. కొన్ని కుటుంబాల్లో ఇది ఒకరికన్నా ఎక్కువమందికి వస్తుంది.

చేయకూడనివి

వృషణంలో నొప్పి వచ్చిన ప్రతిసారీ మెలిక కాదు. ఇన్ఫెక్షన్ అయితే నొప్పి ఒకటి రెండు రోజులుగా మెల్లగా పెరుగుతుంది, జ్వరం, మూత్రంలో మంట తోడుంటాయి. గవదబిళ్లలు వచ్చిన కొద్దిరోజులకు వృషణం వాయవచ్చు. 7 నుంచి 12 ఏళ్ల పిల్లల్లో వృషణం పైనుండే చిన్న తోక మెలిపడుతుంది, అది ప్రమాదకరం కాదు. ఇరుక్కుపోయిన హెర్నియా కావచ్చు, దానికీ తొందరగానే వెళ్లాలి. ఇవన్నీ తెలుసుకోండి, కానీ ఇంట్లో కూర్చుని వీటిలో ఒకదాన్ని ఎంచుకోకండి. విడదీసి చెప్పడం డాక్టర్లకే ఒక్కోసారి కష్టం.

• తెల్లారాక చూద్దామనుకోకండి. ఈ జబ్బులో వృషణాలను ఎక్కువగా పోగొట్టేది ఈ మాటే.

• నొప్పి మాత్ర వేసి తగ్గుతుందేమోనని కాచుకోకండి. మాత్ర నొప్పిని కప్పుతుంది, మెలికను విప్పదు.

• ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన ఇంజెక్షన్‌తో ఇంటికి తిరిగి రాకండి. ఆయన మంచివాడే, అర్ధరాత్రి పలికేదీ ఆయనే కావచ్చు. అయినా ఇది ఆయన చేతిలో పని కాదు.

• ‘ఐదు రోజులు యాంటీబయాటిక్ వాడి చూడండి’ అని ఎవరైనా అంటే, మెలిక కాదని తేల్చారా అని అడగకుండా ఒప్పుకోకండి.

• ‘వేడి చేసింది’ అని సబ్జా నీళ్లు, ‘గ్యాస్’ అని సోడా, ‘నరం పట్టింది’ అని ఆముదం మర్దన, ఇవేవీ చేయకండి.

• వేడి కాపడం పెట్టకండి.

• వృషణాన్ని మీరే తిప్పి సరిచేయాలని చూడకండి. మెలిక అందరిలో ఒకే దిక్కుకు పడదు, తప్పు వైపు తిప్పితే ఇంకా బిగుస్తుంది.

• యూట్యూబ్ వీడియో చూసి కూడా ఆ పని చేయకండి.

• బయల్దేరాక నీళ్లు, టీ, కొబ్బరినీళ్లు ఏవీ పట్టకండి; కడుపు నిండుగా ఉంటే మత్తు ఇవ్వడం ప్రమాదం.

• ఇప్పటికే ఏదో తిన్నాడని ఆసుపత్రికి వెళ్లడం ఆపకండి; ఆ సంగతి మత్తు డాక్టరు చూసుకుంటారు.

• నొప్పి ఉన్నట్టుండి తగ్గిందని దారిలోంచి వెనక్కి తిరగకండి. మెలిక విడి ఉండవచ్చు, వృషణం చచ్చుబడి కూడా ఉండవచ్చు.

• జ్వరం లేదు కదా అని ధీమా పడకండి. మెలికలో మొదట జ్వరం ఉండకపోవడమే ఎక్కువ.

• మూత్రం మామూలుగా వస్తోందని ధీమా పడకండి. ఈ మెలికకూ మూత్రానికీ సంబంధం లేదు.

• చేత్తో ఎత్తిపట్టుకుంటే నొప్పి తగ్గుతోంది కాబట్టి మెలిక కాదనుకోకండి. ఆ గుర్తు నమ్మదగింది కాదు.

• దెబ్బ తగిలింది, నొప్పి ఉండదా మరి అని కొట్టిపారేయకండి. దెబ్బ తర్వాతా మెలిపడుతుంది.

• నొప్పితో ఉన్న అబ్బాయిని తనే బండి నడుపుకుని వెళ్లనివ్వకండి.

• దగ్గర్లో ఆపరేషన్ చేయగల ఆసుపత్రి ఉండగా పేరున్న ఆసుపత్రి కోసం దూరం పోకండి. ఆదిలాబాద్‌లో రిమ్స్‌ను దాటి హైదరాబాద్ కారెక్కితే దారి 300 కిలోమీటర్లు. ఉన్న 6 గంటలూ చాలావరకు రోడ్డు మీదే అయిపోతాయి.

• స్కానింగ్ సెంటర్ తెరిచేదాకా కూర్చోకండి.

• రిపోర్టులో రక్తప్రసరణ కనిపించిందన్న ఒక్క మాట పట్టుకుని, సర్జన్ వద్దంటున్నా ఇంటికి రాకండి. సగం మెలికలో రక్తం కొంత పారుతూనే ఉంటుంది.

• ఆసుపత్రిలో నొప్పి తగ్గే ఇంజెక్షన్ ఇస్తామంటే వద్దనకండి. అక్కడ దానివల్ల ఆలస్యం కాదు.

• సంతకానికి పెదనాన్న రావాలి, తాతయ్యను అడగాలి, అమావాస్య వెళ్లాలి అని ఆపరేషన్ ఆపకండి.

• బాగానే ఉన్న రెండోదానికి కుట్లెందుకని అడ్డుపడకండి. ఒకటి పోయినవాడికి మిగిలేది అదే.

• 10 గంటలైంది, ఇక లాభం లేదని ఇంట్లో ఉండిపోకండి. మెలిక అందరిలో ఒకేలా బిగుసుకోదు, ఆలస్యంగా వచ్చినా దక్కినవాళ్లు ఉన్నారు, రెండోవైపు కుట్టడానికైనా వెళ్లాలి.

• నలుగురి ముందు అబ్బాయి బట్టలు విప్పించకండి. ఒకసారి అవమానపడితే రెండోసారి నోరు విప్పడు.

• హస్తప్రయోగం వల్లే వచ్చిందని, చెడు తిరుగుళ్ల వల్లే వచ్చిందని అబ్బాయిని నిందించకండి. పుట్టుకతో లేని అతుకుకు వాడేం చేస్తాడు?

• క్లాసు గ్రూపుల్లో దీనిమీద జోకులు వేయకండి. ఆ జోకులు చదివినవాడు తన నొప్పి గురించి మీకు చెప్పడు.

• ఒక వృషణం తీసేశారని పెళ్లి సంబంధాల దగ్గర అబ్బాయిని తక్కువ చేయకండి. రెండోది ఆరోగ్యంగా ఉంటే మగతనానికీ, సంతానానికీ మామూలుగా అదొక్కటే సరిపోతుంది.